సలహాకి పూచీ పడే మనిషి

పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు పక్క నుంచి పోయే రంగపిళ్ళై వీధికి ఆ పేరు ఇచ్చిన మనిషి ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. కింది అంతస్తుకి మన పద్ధతిలో చెక్క స్తంభాలు, పై అంతస్తుకి ఫ్రెంచి పద్ధతిలో తెల్లటి సున్నపు స్తంభాలు. ఆనంద రంగపిళ్ళై ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి దుబాసి. 1736 సెప్టెంబరు నుంచి 1761 జనవరిలో చనిపోయేదాకా తమిళంలో దినచర్య రాసుకున్నాడు. తెలుగు సాహిత్యం చదివినవాళ్ళకి ఆయన ఇంకో దారిలో తెలుసు. కస్తూరిరంగకవి తన ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి ‘ఆనందరంగరాట్ఛందం’ అన్నాడు. ఆయన కవులని పోషించాడని పుస్తకాలు చెబుతాయి. పోషించడానికి డబ్బు ఏ పని చేసి సంపాదించాడన్నది నాకు అంతకన్నా ఆసక్తి, ఎందుకంటే ఆ పనికీ నేను చేసే పనికీ దూరపు చుట్టరికం ఉంది.

మాది యానాం. పెళ్ళయ్యాక పుదుచ్చేరి వచ్చి, ఊరి చుట్టూ ఉన్న బులవార్డులకి వెలుపల, నటేశన్ నగర్‌లో కాపురం పెట్టాం. ఇంటి ముందు గదే నా ఆఫీసు. మ్యూచువల్ ఫండ్ల డిస్ట్రిబ్యూటర్‌ని. ఎన్ఐఎస్ఎం అర్హత పరీక్ష రాసి, ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకుని, జనం దాచుకున్న డబ్బుని ఫండ్లలో పెట్టించి, ఫండు కంపెనీ ఇచ్చే కమీషన్ మీద బతుకుతాను. ఈ ఊళ్ళో యానాం నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగుల కుటుంబాలు కొన్ని నా దగ్గరికి వస్తాయి. తెలుగులో మాట్లాడొచ్చని వస్తాయి.

రంగపిళ్ళై దగ్గరికి ఫ్రెంచి గవర్నరు డూప్లే కూడా అలాగే వచ్చేవాడు, ఒక పరాయి దేశపు బజారులో తనకి దారి చెప్పే మనిషి కోసం. ఏ షావుకారు మాట మీద నిలబడతాడు, ఏ ఊరి గుడ్డ ఈ ఏడు బాగా నేశారు, ఎవరికి బయానా ఇస్తే సరుకు ఒడ్డుకి చేరుతుంది, ఏ నవాబుకి ఎంత అప్పు ఇస్తే తిరిగొస్తుంది. డూప్లే 1742 నుంచి 1754 దాకా గవర్నరు. పిళ్ళైకి ప్రధాన దుబాసి పదవి 1747లో దక్కింది. దినచర్యలో ధరలూ, ఓడల రాకపోకలూ, గవర్నరుతో మాటా మంతీ, ఎదుటివాడి ముఖం ఎలా మారిందన్నదీ అన్నీ ఉంటాయి. ఇవాళ పెట్టుబడి సలహా అని చట్టం దేన్ని అంటుందో దానికి చాలా దగ్గర పని అది.

అయితే పిళ్ళైకి సొంత వ్యాపారం కూడా ఉండేది. ‘ఆనందప్పురవి’ అని సొంత ఓడ ఉండేది. కంపెనీకి సలహా చెప్పేదీ ఆయనే, కంపెనీతో పాటు అదే బజారులో కొనేదీ అమ్మేదీ ఆయనే. గవర్నరు డూప్లే కూడా అంతే, కంపెనీ కొలువు చేస్తూ సొంత వ్యాపారం చేసుకున్నాడు. ఆ కాలంలో అది తప్పు కాదు. కానీ చెప్పేవాడి లాభం వినేవాడి లాభంతో కలిసి నడుస్తున్నంత సేపే ఆ సలహా మంచిది. విడిపోయిన రోజు ఏమవుతుంది? ఈ ప్రశ్నకి జవాబుగానే మూడు వందల ఏళ్ళుగా చట్టాలన్నీ పుడుతూ వచ్చాయని నేను అనుకుంటాను.

పిళ్ళై కన్నా చాలా ముందు ఆ కొలువులో ఉన్నవాడు ఆయన మేనమామ వరస నైనియప్ప పిళ్ళై. ఆయన కథ నన్ను చాలా కదిలించింది. 1716లో గవర్నరు ఎబేర్ ఆయన్ని పట్టించి కోటలో పెట్టించాడు. అధికారం అడ్డం పెట్టుకుని జనాన్ని పీడించాడన్నది ఒక నేరం, రాజద్రోహం ఇంకోటి. జెస్యూట్ పాదిరీల ఒత్తిడి దాని వెనక ఉంది. నడిబజారులో 50 కొరడా దెబ్బలు, మూడేళ్ళ జైలు, పైన పెద్ద జరిమానా. 1717లో జైల్లోనే చనిపోయాడు. కొడుకు గురువప్ప ఫ్రాన్సు దాకా వెళ్ళి మొర పెట్టుకున్నాడు. ఆ తీర్పు చెల్లదని ఫ్రాన్సులో తేల్చారు. తండ్రి కొలువు గురువప్పకే వచ్చింది, సెయింట్ మైకేల్ బిరుదు కూడా ఇచ్చారు. పోయిన మనిషి మాత్రం పోయాడు.

ఆ శిక్ష అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కేసులో ఒక సంగతి గమనించండి. కంపెనీ వ్యవహారం చెడిందని ఎవరికైనా అనిపించినప్పుడు పట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆయనకి పేరుంది, ఇల్లుంది, ఆస్తి ఉంది, జప్తు చేయదగ్గ నగలున్నాయి. తీర్పు తప్పయితే తిరగతోడడానికి కొడుకున్నాడు. సలహా చెప్పడమంటే, తప్పయితే తన ఒంటి మీదికి రావడం. దాన్ని అన్యాయంగా వాడుకోకుండా కాగితం మీద నియమాలు రాయడం తర్వాతి పని.

ఆ పని యూరపులో అప్పటికే మొదలైంది. 1697లో లండన్‌లో షేర్ల దళారులని అదుపు చేయడానికి పార్లమెంటు చట్టం చేసింది. వందమందికి మించి ఉండకూడదు, ప్రమాణం చేయాలి, పేరు చెక్కిన వెండి బిళ్ళ దగ్గర ఉంచుకోవాలి, ప్రతి బేరం పుస్తకంలో రాయాలి, సొంతానికి కొనడం అమ్మడం చేయకూడదు. ఫ్రాన్సులో ఇంత కన్నా పెద్ద దెబ్బ తగిలాకగానీ కదలిక రాలేదు. పుదుచ్చేరిని ఏలిన కంపెనీయే ఆ కథలో ప్రధాన పాత్ర. జాన్ లా అనే స్కాట్లండ్ మనిషి 1719లో ఫ్రెంచి వ్యాపార కంపెనీలన్నిటినీ కలిపి ఒకటి చేశాడు, మన తూర్పు దేశపు కంపెనీతో సహా. 500 లివర్ల షేరు పదివేల దాకా ఎగబాకింది, 1720లో కూలింది. పారిస్ వీధుల్లో చెవిలో చెప్పిన సలహాలకి పూచీ పడ్డవాడు ఎవడూ లేడు. 1724 సెప్టెంబరు 24న రాజశాసనం వచ్చింది. ఇకనుంచి పారిస్ బూర్స్‌లో, అంటే అక్కడి షేర్ల బజారులో, బేరాలు ప్రభుత్వం నియమించిన దళారుల ద్వారానే జరగాలి. అందులోనే, ఆడవాళ్ళు ఏ కారణం మీదా లోపలికి రాకూడదని కూడా రాశారు. ఆ నిషేధం 1967 దాకా సాగింది. ఈ పనిలో ఉన్న ఆడమనిషిగా ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. తలుపు దగ్గర కాపలా అవసరమే. ఎవరిని ఆపాలన్నది మాత్రం పూచీని బట్టి ఉండాలి, పుట్టుకని బట్టి కాదు.

మన దేశంలో ఈ కాపలా చాలా ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు స్టాక్ ఎక్స్‌ఛేంజి 1943లో పుట్టి 2007లో మూతపడింది. ఆ అరవై నాలుగేళ్ళూ తెలుగు దేశంలో షేరు సలహా అంటే బ్రోకరు మాట, బావమరిది మాట, టీ కొట్టు దగ్గర మాట. షేరు బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణం బయటపడ్డ 1992లోనే, షేరు మార్కెట్లని నియంత్రించే సంస్థ సెబీ చట్టమూ వచ్చింది. దాని 12వ సెక్షన్‌లో రిజిస్ట్రేషన్ ఉండాల్సిన వాళ్ళ వరసలో పెట్టుబడి సలహాదారు పేరు ఉంది. పేరయితే ఉంది, వాళ్ళు ఎలా నడుచుకోవాలో చెప్పే నిబంధనలు మాత్రం 2013 జనవరి 21 దాకా లేవు. ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో ఏం జరిగిందో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు తప్పుడు లెక్కలు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడ్డ రోజు ఆ షేరు దాదాపు 179 రూపాయల నుంచి 40కి పడింది. ‘మన తెలుగువాళ్ళ కంపెనీ, కళ్ళు మూసుకుని కొను’ అని చెప్పినవాళ్ళెవరూ ఆ సాయంత్రం దొరకలేదు. 2014, 15ల్లో అగ్రిగోల్డ్ కంపెనీ కూలినప్పుడు కథ ఇంకో రకం. అది షేరు కాదు, డిపాజిట్టు. డబ్బు కట్టినవాళ్ళు సుమారు 32 లక్షల మంది. కట్టించిన ఏజెంట్లు ఊళ్ళోవాళ్ళే, చుట్టాలే. వాళ్ళు పూచీ పడగలిగినంత పడ్డారు, కానీ వాళ్ళ దగ్గర ఏముందని? 2019లోనూ 2021లోనూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకి ఖజానా నుంచి కొంత కట్టాల్సి వచ్చింది.

2013 నిబంధనలు నాకు కంఠతా వచ్చు. డబ్బు తీసుకుని పెట్టుబడి సలహా చెప్పే పని ఎవరు చేసినా, ఏ పేరుతో చేసినా సెబీ దగ్గర నమోదు కావాలి. చదువు, పరీక్ష ఉండాలి. చెప్పే ముందు ఎదుటి మనిషి వయసు, ఆదాయం, అప్పులు, నష్టాన్ని ఎంత తట్టుకోగలరన్నది తెలుసుకుని రాసుకోవాలి. ఆ మనిషికి తగిందే చెప్పాలి, ఎందుకు తగిందో కాగితం మీద పెట్టాలి. ఆ కాగితాలు అయిదేళ్ళు దాచాలి. 2020లో ఇంకో గట్టి కట్టు వేశారు. ఒకే మనిషికి సలహాకి ఫీజూ తీసుకుని, సరుకు అమ్మినందుకు కమీషనూ తీసుకోకూడదు. రంగపిళ్ళై ఓడ సంగతి అక్కడికి తేలింది.

ఆ సవరణతోనే నా బోర్డు కూడా మారింది. కమీషన్ మీద బతికే నాలాంటివాళ్ళు ‘అడ్వైజర్’ అన్న మాట పెట్టుకోకూడదన్నారు. నా గుమ్మం పక్కన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాయించిన రేకు బోర్డు ఉండేది. పెయింటరు వచ్చి ఆ ఒక్క మాట మీద నీలం రంగు పూసి, ‘డిస్ట్రిబ్యూటర్’ అని రాశాడు. కొత్త నీలం పాత నీలంలో కలవలేదు, ఎండ పడ్డప్పుడు కింద పాత అక్షరాల అంచులు కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు అడిగితే ఎందుకు మార్చానో చెబుతాను. నేను అమ్మే ఫండ్ల గురించి, అమ్మకానికి తోడుగా, నాలుగు మాటలు చెప్పొచ్చు. ఫలానా షేరు కొనండి, ఫలానాది అమ్మండి అని చెప్పకూడదు. ఈ కట్టుబాటు సరైనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. షేర్లు చదవడం నా చదువు కాదు.

మా వీధికి రెండు వీధుల అవతల, యానాంలో టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ ఉంటారు. మా అమ్మకి చెల్లెలి వరస, పిన్నీ అని పిలుస్తాను. గ్రాట్యుటీ డబ్బు చేతికొచ్చాక ఒక సాయంత్రం ఫోను పట్టుకుని వచ్చారు.

“అమ్మాయ్, ఇది చదివి చెప్పు. బాగానే చెప్పినట్టుందా?”

“ఎవరు చెప్పారు పిన్నీ?”

“ఇదేనే, ఫోనులో. తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతోంది. నా వయసు అడిగింది, పింఛను ఎంతని అడిగింది, మందులకి ఎంతవుతుందని కూడా అడిగింది. మా అబ్బాయి ఇవన్నీ ఎప్పుడైనా అడిగాడా?”

చదివాను. కృత్రిమ మేధ చాట్‌బాట్ ఇచ్చిన జవాబు అది. తెలుగు శుభ్రంగా ఉంది. ఎంత శాతం బ్యాంకులో, ఎంత ఫండ్లలో అని పంచింది. చివర మూడు కంపెనీల పేర్లు చెప్పి వాటి షేర్లు కొన్ని తీసుకోవచ్చంది. అన్నిటికన్నా కింద, ‘ఇది ఆర్థిక సలహా కాదు, నిపుణులని సంప్రదించండి’ అని ఒక వాక్యం. నిపుణులు అంటే ఆవిడ లెక్కలో నేనే, అందుకే వచ్చారు. ఆ మూడు షేర్ల గురించి నేను నోరు విప్పకూడదు. అదే మాట చెప్పాను.

“నువ్వు చెప్పకూడదా? అది చెబుతోందిగా!”

ఆ సాయంత్రం నుంచి నేను ఈ చట్టం వెంట పడ్డాను. యంత్రం సంగతి సెబీకి తెలియక కాదు. 2016 అక్టోబరులోనే ఒక చర్చాపత్రంలో, సాఫ్ట్‌వేర్ ద్వారా సలహా ఇవ్వడానికి నిబంధనల్లో నిషేధం లేదని, సలహాదారుకి ఉన్న కట్టుబాట్లన్నీ అక్కడా వర్తిస్తాయని చెప్పింది. 2019లో బ్రోకర్లూ ఫండు కంపెనీలూ వాడే కృత్రిమ మేధ వ్యవస్థల వివరాలు మూణ్ణెల్లకోసారి పంపమంది. 2024 డిసెంబరు 16న చేసిన సవరణ వీటన్నిటికన్నా స్పష్టం. నమోదైన సలహాదారు కృత్రిమ మేధని ఎంత తక్కువగా వాడినా, ఎంత ఎక్కువగా వాడినా, ఖాతాదారు వివరాల భద్రతకీ, వచ్చిన సలహాకీ పూర్తి పూచీ ఆ సలహాదారుదే. ఎంత మేరకు వాడుతున్నారో ఖాతాదారుకి చెప్పి తీరాలి. 2025 ఫిబ్రవరిలో ఇదే సూత్రాన్ని మిగతా మధ్యవర్తులకీ వర్తింపజేశారు. సాఫ్ట్‌వేర్ చెప్పింది, నాకేం తెలుసు అని తప్పించుకునే దారి మూసేశారు.

బాగుంది. కానీ ఇదంతా నమోదైనవాళ్ళ మీద. పిన్ని ఫోనులోది ఎవరి తరఫునా నమోదు కాలేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ తాను సలహాదారునని ఎక్కడా అనలేదు, పైగా కాదని రాసింది. అయితే నిర్వచనంలో రెండు ముళ్ళున్నాయి. మొదటిది, ప్రతిఫలం తీసుకుని చేసే వృత్తి అయితేనే సలహాదారు. ఉచితంగా వాడుకుంటున్న పిన్ని దగ్గర ప్రతిఫలం ఏదని వాళ్ళు అడగొచ్చు. నెలనెలా చందా కట్టి వాడేవాళ్ళ మాటేమిటి? రెండోది, పత్రికల్లోనూ ప్రసార మాధ్యమాల్లోనూ జనమందరికీ అందుబాటులో ఉండే సలహాని పెట్టుబడి సలహాగా లెక్కించరు. 2013 నాటికి ఈ మినహాయింపు న్యాయం. ఆదివారం అనుబంధంలో ‘ఈ వారం మార్కెట్’ రాసే విలేకరి ఎవరి పింఛనూ అడగడు, అందరికీ ఒకటే రాస్తాడు.

అమెరికా సుప్రీంకోర్టు 1985లో లోవ్ కేసులో సరిగ్గా ఇక్కడే గీత గీసింది. సలహాదారుగా నమోదు రద్దయిన మనిషి షేర్ల పత్రిక వేస్తున్నాడు. వేసుకోవచ్చంది కోర్టు. అందరికీ ఒకటే చెప్పే పత్రిక వేరు, ఒక్కొక్కరి స్థితిగతులు తెలుసుకుని చెప్పేది వేరు. నలభై ఏళ్ళ నాటి ఆ గీత దగ్గర పిన్ని ఫోనుని నిలబెట్టి చూడండి. అది ఆవిడ వయసు అడిగింది, పింఛను అడిగింది, మందుల ఖర్చు అడిగింది. అడిగి, ఆవిడకి చెప్పింది. ఇది పత్రిక ఎలా అవుతుంది? కింద రాసిన ఒక్క వాక్యంతో అది సలహా కాకుండా పోతుందని నేను ఒప్పుకోలేను. ఏ పేరుతో చేసినా అని మన నిబంధనలే అంటున్నాయి కదా. నా బోర్డు మీద మాట మారింది కాబట్టి నేను చేసే పని కూడా కొలిచి చూస్తున్నారు. అదే కొలత దానికీ పెట్టాలి.

అమెరికాలో 2024 మార్చిలో డెల్ఫియా, గ్లోబల్ ప్రెడిక్షన్స్ అనే రెండు సంస్థల మీద వాళ్ళ నియంత్రణ సంస్థ చర్య తీసుకుంది, రెండూ కలిపి 4 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి. చదవకముందు, యంత్రం చెడ్డ సలహా చెప్పినందుకేమో అనుకున్నాను. కాదు. తాము కృత్రిమ మేధని వాడుతున్నామని లేని గొప్పలు చెప్పుకున్నందుకు. అంటే ఇప్పటిదాకా శిక్ష పడింది యంత్రం పేరు చెప్పి మోసం చేసిన నమోదైన మనుషులకి. యంత్రం మాట విని నష్టపోయినవాళ్ళ పక్షాన ఎవరు నిలబడాలన్నది మిగిలే ఉంది.

సెబీ దగ్గర నమోదైన సలహాదారులు దేశం మొత్తం మీద వెయ్యి మంది కూడా లేరు. నూట నలభై కోట్ల జనానికి అది ఏ మూలకీ చాలదు, అందుకే పిన్ని లాంటివాళ్ళు ఫోనుని అడుగుతున్నారు. ఆవిడని తప్పు పట్టను. తెలుగులో, ఓపిగ్గా, విసుక్కోకుండా జవాబు చెప్పేది ఏదైనా దొరికితే జనం అక్కడికే వెళతారు. దాన్ని నిషేధించమని నేను అడగను. కొత్త నిబంధనల ప్రకారం 150 మంది లోపు ఖాతాదారులున్న సలహాదారు లక్ష రూపాయలు డిపాజిట్టు కట్టి ఉంచాలి, వెయ్యి దాటితే 10 లక్షలు. వినేవాళ్ళు పెరిగే కొద్దీ పూచీ పెరగాలన్నది అందులోని న్యాయం. లక్షల మందికి జవాబిచ్చే సాఫ్ట్‌వేర్ తరఫున కట్టి ఉంచింది ఎంత? సున్నా.

పిన్ని డబ్బులో పెద్ద భాగం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో పెట్టించాను. అది సెబీ పరిధి కాదు, మూణ్ణెల్లకోసారి వడ్డీ వస్తుంది. కొంత ఆవిడ ఇష్టపడి ఒక ఫండులో పెట్టారు, దాని మీద నాకు వచ్చే కమీషన్ ఎంతో ముందే రాసి చూపించాను. ఆ మూడు షేర్లూ కొనాలా వద్దా అన్నదానికి, ఫీజు తీసుకుని చెప్పే నమోదైన సలహాదారుల జాబితా సెబీ వెబ్‌సైట్‌లో తీసి ఇచ్చాను.

“వీళ్ళు తప్పు చెబితే?” అని అడిగారు. సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టొచ్చని, 21 రోజుల్లో జవాబు చెప్పి తీరాలని చెప్పాను. ఫోనులోనే ఆ ఫారం తెరిచి చూపించాను. ఎవరి మీద ఫిర్యాదో ఎంచుకోవడానికి నమోదైన సంస్థల పేర్లు అందులో వరసగా ఉంటాయి. పిన్ని చాలాసేపు కిందికి జరుపుతూ వెతికి, “మరి దీని పేరు ఇందులో లేదేమే?” అన్నారు. ఆ పేరు అక్కడ ఉండాలి. పిన్ని స్థితిగతులు అడిగి షేర్ల పేర్లు చెప్పే ఏ సాఫ్ట్‌వేర్ వెనకైనా, ఈ దేశంలో నమోదైన ఒక సంస్థ, సంతకం పెట్టిన ఒక మనిషి, అయిదేళ్ళు దాచిన ఆ సంభాషణ ఉండాలని సెబీకి రాశాను.